తలుపు మీది ర్యాంకు

యూనివర్సిటీ క్వార్టర్సులో ప్రతి తలుపు మీదా ఆ ఇంటి లెక్చరరు ప్రపంచ ర్యాంకు వెలుగుతూ ఉంటుంది. పొద్దున్నే పాలప్యాకెట్లు కూడా ఆ వరసలోనే ఇస్తారు. బాటనీ చెప్పే హైమవతిది ఇరవై రెండేళ్ల సర్వీసు, ర్యాంకేమో నలభై వేల పైచిలుకు. నిన్నగాక మొన్న చేరిన ఎదురింటి ప్రసూనది ఆరు వేలు! రోజూ పాల దగ్గర ఆ పిల్ల వెనక నిలబడాలంటే హైమవతికి ఒళ్లు మండిపోయేది.

అంత ఏం పొడిచేసిందట? కూర తరుగుతూ ఒకసారి, పేపర్లు దిద్దుతూ ఒకసారి ఫోన్‌లో ప్రసూన పరిశోధనల పేజీ తెరిచి, ఆమె వ్యాసాల్లో తప్పులు వెతికేది. ఒక్కటీ దొరికేది కాదు.

ఓ ఉదయం ప్రసూన స్వీటు డబ్బాతో వచ్చింది.

"మేడమ్, అయిదు వేల లోపుకి వచ్చేశాను! నా వ్యాసాలు ఎవరో రోజుకి యాభైసార్లు తెరుస్తున్నారట, ర్యాంకు అందుకే పెరిగిందని నాణ్యతా విభాగం వాళ్లు చెప్పారు. ఆ మహానుభావులెవరో తెలిస్తే కాళ్లకి దణ్ణం పెడతాను."

హైమవతి నోట్లో మైసూర్‌పాకు మింగుడు పడలేదు. ఇక ఆ పేజీ తెరిస్తే ఒట్టు అనుకుంది.

ప్రసూన గడప దాటగానే, ఇంతకీ ఏ వ్యాసం వల్ల పెరిగిందో ఒక్కసారి చూద్దామని ఫోన్ తీసింది. ఎదురింటి తలుపు మీద ర్యాంకు ఇంకో మెట్టెక్కింది.