ఈగను తోలినట్టు

"మా తమ్ముడి పనికి వంకలు పెట్టినవాడు ఎక్కడుంటాడో కనిపెట్టండర్రా!" అని అక్క పొద్దున్నే పోస్టు పెట్టింది.

కొత్త సూపర్‌హీరో గేమ్‌లో ఫైట్లకు యానిమేషన్ చేసింది ఆమె తమ్ముడే. హీరో గుద్దితే ఈగను తోలినట్టుందని ఎవరో పేరు దాచుకుని రాశారు. మధ్యాహ్నానికల్లా అభిమానులు ఆ మనిషిని బండబూతులు తిట్టిపోశారు.

తమ్ముడు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఆ పోస్టు తీసెయ్యక్కా."

"నిన్నంటే నేనూరుకోవాలా?"

"అందులో రాసింది నిజమే. ఇంకో నెల గడువిమ్మని ఆఫీసులో ఎంత మొత్తుకున్నా వినలేదు. బయటివాళ్లెవరో అన్నారంటేనన్నా వింటారని..." మాట మింగేశాడు.

అంతలో అక్క ఫోను మోగింది. "దొరికాడు!" అంటూ ఎవరో అభిమాని ఆమె పోస్టు కిందే చిరునామా పెట్టాడు. ఆమె ఆత్రంగా చదివింది.

అది వాళ్లింటిదే.

అక్క తమ్ముడి వంక చూసింది. లేచి వెళ్లి వీధితలుపు గడియ పెట్టింది.