బెంచీ కింద బ్యాగు

“ఆగండి! అది నా బ్యాగు!”

నీళ్ళ సీసా నింపుకుని వచ్చిన అమ్మాయి గొంతు చించుకుని అరిచింది. ఏం లాభం? అప్పటికే బస్టాండు సగం ఖాళీ అయిపోయింది. తాడు కట్టి జనాన్ని ఇవతలే ఆపేశారు. తాడుకి అవతల, ఇందాక ఆమె కూర్చున్న బెంచీ కింద, ఆమె నల్ల ల్యాప్‌టాప్ బ్యాగు ఒక్కటే మిగిలింది. దానికి కాస్త దూరంలో ఇసుక బస్తాలు పేరుస్తున్నారు.

“వెనక్కి జరగమ్మా,” కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాదేనండీ! అందులో ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేదు. నీళ్ళ కోసం వెళ్ళాను, అక్కడ క్యూ ఉంది, అందుకే ఆలస్యమైంది.”

“బాంబు స్క్వాడ్ దిగాక నాదీ నీదీ అని ఉండదమ్మా. అంతా ఆయనదే.”

ఆయనంటే ఇన్‌స్పెక్టరు. ఒంటిమీద దళసరి కోటు, చంకలో పెద్ద హెల్మెటు. అమ్మాయిని ఎగాదిగా చూశాడు.

“నీదే అయితే నీ సంగతీ చూడాల్సిందే. ముందు దాని సంగతి తేలనీ. ఈ అమ్మాయిని ఎక్కడికీ కదలనివ్వకండి.”

ఆమెకి పదకొండింటికి ఇంటర్వ్యూ. కుర్చీలు, బల్లలు తయారుచేసే కంపెనీలో డిజైనరు ఉద్యోగం. చూపించాల్సిన బొమ్మలన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, మరెక్కడా లేవు. పైగా అది బావది. బావకి చెప్పకుండా అక్క తీసిచ్చింది.

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది.

“బస్సెక్కావా?”

“లేదక్కా. బ్యాగు...”

“తెగిందా? ఆ చవక బ్యాగు ఏదో ఒక రోజు నట్టేట ముంచుతుందని మొత్తుకుంటూనే ఉన్నాను!”

“ఇంకా తెగలేదక్కా. లాగుతున్నారు.”

“ఎవరే?”

“పోలీసులు.”

“పోలీసులా!”

లాగుతున్న మాట నిజమే. పొడవాటి కర్రతో బ్యాగు పట్టీకి ఓ కొక్కెం తగిలించి, ఇసుక బస్తాల వెనక నుంచి ఇద్దరు తాడు పట్టుకుని ఈడుస్తున్నారు. పట్టీ బెంచీ కాలికి చిక్కుకుంది. ఇద్దరూ కాళ్ళు తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజారు. బెంచీ కదిలి చిక్కు విడిపోయింది గానీ పట్టీ తెగలేదు.

గరుకు సిమెంటు నేల మీద బర్రుమని ఈడ్చుకుపోయారు. ప్లాట్‌ఫారం చివర మెట్లున్నాయి. బ్యాగు ఒక్కో మెట్టూ దొర్లుతుంటే ఇక్కడ అమ్మాయి ఒంట్లో ఒక్కో ఎముకా విరుగుతున్నట్టుంది. కింద పడ్డాక కూడా దాన్ని వదల్లేదు. ఫైరింజన్ గొట్టం తిప్పారు. నీళ్ళు కొట్టిన విసురుకి బ్యాగు గిరగిరా తిరిగి గోడకి గుద్దుకుంది.

“అయిపోయిందక్కా,” అంది అమ్మాయి ఫోన్‌లో. “ఉద్యోగమూ పోయింది, ల్యాప్‌టాపూ పోయింది.”

“మీ బావకి నేనేం చెప్పనే?”

“నిజమే చెప్పు. ఎలాగూ నమ్మడు.”

ఇన్‌స్పెక్టరు హెల్మెటు పెట్టుకుని ఒక్కడే బ్యాగు దగ్గరికి నడిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని జిప్పు లాగాడు. ఎక్కడా పట్టకుండా సర్రున వచ్చేసింది. లోపల చెయ్యి పెట్టాడు. బయటికి తీసి వేళ్ళు చూసుకున్నాడు. మళ్ళీ పెట్టి, వేళ్ళు మళ్ళీ చూసుకున్నాడు. పొడిగానే ఉన్నాయి. చివరికి ల్యాప్‌టాప్ తీసి మీట నొక్కాడు. తెర మీద అక్కాబావల పెళ్ళి ఫోటో వెలిగింది.

జనం చప్పట్లు కొట్టారు. అమ్మాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు పరిగెత్తినా ఇంటర్వ్యూ అందుకోవచ్చు. బ్యాగు కోసం చెయ్యి చాచింది.

ఇన్‌స్పెక్టరు ఇవ్వలేదు.

“లోపలికి రా. నీతో మాట్లాడాలి.”

బస్టాండు మేనేజరు గదిలోకి నడిచారు. వెనకాలే వచ్చిన కానిస్టేబుల్ని “నువ్వు బయటుండు” అని పంపేసి, ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గరగా వేశాడు. నీళ్ళోడుతున్న బ్యాగుని బల్ల మీద పెట్టి తిరగేశాడు, బోర్లించాడు, కుట్లని గోటితో గీకాడు.

“ఎక్కడిది ఇది?”

“కొన్నాను సార్. సినిమా హాలు పక్కన, ఫుట్‌పాత్ మీద.”

“అమ్మినవాడు ఎలా ఉంటాడు?”

“బట్టతల సార్. పెద్ద గొడుగు కింద కూర్చుంటాడు.”

“ఎంత తీసుకున్నాడు?”

“నాలుగొందలు.”

“నాలుగొందలా!” ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. “నిజం చెప్పు.”

“ఒట్టు సార్. ఐదొందలు చెప్తే బేరమాడాను.”

ఇన్‌స్పెక్టరు జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో ఏదో రాసుకున్నాడు. తను ఇరుక్కున్నది చాలక పాపం ఆ గొడుగాయన్ని కూడా ఇరికించేసింది.

“వెనకవైపు ఈ దొంగ అర ఏంటి?”

“ఛార్జర్‌కి సార్. దొంగది కాదు, పైకి కనపడదంతే.”

“ఎన్నాళ్ళ నుంచి ఉంది నీ దగ్గర?”

“ఆరు నెలలు.”

“రోజూ మోస్తావా?”

“రోజూ సార్. పుస్తకాలు, భోజనం డబ్బా, గొడుగు, అన్నీ ఇందులోనే.”

“అంత బరువేస్తే భుజం లాగదూ?”

ఇదేం విచారణో ఆమెకి బోధపడలేదు. గోడ గడియారం పావు తక్కువ పదకొండు చూపిస్తోంది. ఇక ఏడుపు ఆగలేదు.

“సార్, మీకు దణ్ణం పెడతాను. నేనే పాపం ఎరగను. పదకొండింటికి ఇంటర్వ్యూ ఉంది, నన్ను వదిలెయ్యండి.”

ఇన్‌స్పెక్టరు తలుపు వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“జీపులో నేను దింపుతాను గానీ, దారిలో ఆ గొడుగాయన్ని కాస్త చూపించమ్మా. ఏ బ్యాగు కొనిచ్చినా నెల తిరక్కుండా తెంపుకొచ్చి మా అమ్మాయి నా ప్రాణం తీస్తోంది!”