నత్తకు పురుడు

ఊళ్లో పురుగన్నదే లేకుండా పోయాక విశ్వవిద్యాలయం సువర్చల పనిచేసే పురుగుల శాఖను మూసేసింది. ఆమె మాత్రం వంటింటి గూట్లో నత్తల మీద పరిశోధన సాగిస్తూనే ఉంది. కాకినాడలో మిగిలిన ఆఖరి నత్త ఆ ఉదయమే గుడ్లు పెట్టింది.

అంతలో పురుగుల్ని చంపడానికి ఇంటింటికీ తిరిగి పొగ పెట్టే యంత్రం తలుపు తట్టింది. పొగ తగిలితే గుడ్లన్నీ పోతాయి.

అత్తగారు తలుపు ఓరగా తీసింది.

"ఇంట్లో పురుడొచ్చింది నాయనా. లోపలికి రాకూడదు."

పురుటింటికి పొగ పెట్టకూడదని యంత్రానికి నేర్పారు.

"శుభం. తల్లి క్షేమమేనా?"

"ఆ, గోంగూర నవుల్తోంది."

"బాలింతకు పులుపు పెడతారా?"

"చెబితే వింటేగా."

యంత్రం పక్కింటికి కదిలింది. సువర్చల అప్పటికే బుట్టలో తడిమట్టి పరుస్తోంది.

"మైల తీరగానే మళ్లీ వస్తుంది అత్తయ్యా. ఈలోగా వీటిని పొగ చేరని మడ అడవికి చేర్చేస్తాను. నేనూ అక్కడే ఉండి చూసుకుంటాను."