అమ్మ మొదలుపెట్టే మెట్టు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. హాల్లో పియానో ముందు చాప వేసుకుని కూర్చున్న రహంతుల్లా, ఆయనకి ఎదురుగా కుర్చీలో కాపలా కాస్తున్నట్టు కూర్చున్న నాయనమ్మ సువార్తమ్మ, పక్క గదిలో ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న నాన్న ఫిలిప్, తన గది గుమ్మం పట్టుకుని నిలబడ్డ సుప్రియ. ఐదో మనిషి కూడా ఉందని నాయనమ్మ నమ్మకం.

“పియానో మెట్లన్నీ మార్చెయ్యి రహంతుల్లా. ఒక్కటి కూడా పాతది ఉండకూడదు,” అంది నాయనమ్మ.

“చెక్క గట్టిదే పెద్దమ్మా. పైన బిళ్ళలు మారిస్తే సరిపోతుంది.”

“గట్టిదైతే నువ్వు పట్టుకెళ్ళు. మా కోడలి వేళ్ళు తగిలినవి ఇంట్లో ఉండటానికి వీల్లేదు. మంచం ఇచ్చేశాం, చీరలు ఇచ్చేశాం. ఇదొక్కటే మిగిలింది. దీన్ని పట్టుకునే అది వెళ్ళట్లేదు.”

“విప్పినందుకు ఆవిడ నన్ను తిట్టుకోదుగా?”

“నిన్నెందుకు తిడుతుందయ్యా, తిడితే నన్నే. బతికున్నన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అన్నీ కలిపి అంటోంది.”

సుప్రియ అమ్మ స్వర్ణలత జ్వరంతో పోయి ఏడాది దాటింది. ఈ మధ్యే ఫిలిప్‌కి గుడివాడలో టీచరుగా పనిచేసే హేమతో సంబంధం కుదిరింది. ప్రధానం ఎప్పుడు పెట్టుకుందామని పెద్దవాళ్ళు ఈ హాల్లోనే మాట్లాడుకుంటుంటే, మూత వేసి ఉన్న పియానో టంగుమంది. ఒకే ఒక్క స్వరం. ఏ పాట ఎత్తుకున్నా ముందు స్వర్ణలత మోగించుకునే స్వరం. పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారు. ఆయన ఆమెన్ అనగానే మళ్ళీ మోగింది. హేమ తరఫువాళ్ళు చెప్పులు వెతుక్కునే తొందరలో ఒకరివి ఒకరు వేసుకుని వెళ్ళిపోయారు. ప్రధానం వాయిదా పడింది. ఇంకో తేదీ అనుకున్నప్పుడూ అంతే.

సుప్రియకి మాత్రం దయ్యం భయం లేదు. దారం లాగి మోగించేది తనే.

గిలకలదిండిలో వలలు బాగుచేసేవాళ్ళ దగ్గర తెచ్చుకున్న సన్నటి నైలాన్ దారం అది. నాన్న ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళిన పూట మూత ఎత్తి, చప్పుడవుతుందేమోనని ఊపిరి బిగబట్టి, అమ్మ వేళ్ళకి అరిగి పసుపు తిరిగిన నడిమి మెట్టుకి కట్టింది. ఎలుకలు కొరికిన కంతలోంచి కిందికి దించి, గోడ వెంట తన గదిలోకి లాక్కుంది. మంచం మీద పడుకుని మెల్లగా లాగితే చాలు. పదిమందిలో నోరు విప్పలేని పిల్ల. అమ్మ చోటులోకి ఎవరూ రావద్దని ఆ దారంతోనే చెప్పింది.

ఇవాళ దాన్ని తెంపేద్దామంటే, పొద్దున్నుంచీ నాయనమ్మ కుర్చీలోంచి లేవలేదు.

రహంతుల్లా ఒక్కో మెట్టూ పైకి తీసి, కుంచెతో దులిపి, అడుగున పెన్సిల్‌తో అంకె వేసి వరసగా పేరుస్తున్నాడు. బందరులో ఎవరి హార్మోనియం మూగబోయినా ఆయన దగ్గరికే వస్తుంది.

“ఉప్పు గాలికి చెక్క ఉబ్బిపోయింది. సగం మెట్లు నొక్కినా పలకట్లేదు,” అన్నాడు. సుప్రియ చూపు తన చేతుల మీదే ఉండటం గమనించి, “నేర్చుకుంటావా పాపా? ఇక్కడ మనం నొక్కితే, పైన లోపల సుత్తి లేచి తీగని కొడుతుంది. ఒక్కో మెట్టుకీ ఒక్కో సుత్తి. సుత్తి తగలకపోతే ఎంత నొక్కినా చెక్క చప్పుడే. ఆ పైమూత రేపు విప్పుతాను, అప్పుడు చూద్దువుగాని,” అన్నాడు.

సుప్రియ తల ఊపింది. ఆయన చెయ్యి నడిమి మెట్టు దగ్గరికి వచ్చి ఆగింది.

ఆయన కళ్ళు దారం వెంట నేల మీదికి దిగాయి. గోడ పక్కనే నడిచాయి. సుప్రియ పాదాల దగ్గర ఆగి, నెమ్మదిగా ముఖం మీదికి వచ్చాయి.

“పెద్దమ్మా, గొంతు ఎండిపోతోంది. కాస్త టీ ఇస్తారా?”

నాయనమ్మ వంటింట్లోకి వెళ్ళగానే గొంతు తగ్గించి అడిగాడు. “చేపలేమన్నా పడ్డాయా పాపా?”

సుప్రియ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాన్నకి చెప్పకండి మావయ్యా.”

“నేనెందుకు చెప్తాను తల్లీ,” అంటూ దారం తెంపి, చుట్ట చుట్టి, ఆమె అరచేతిలో పెట్టాడు.

అప్పుడే పక్క గదిలోంచి నాన్న గొంతు వినిపించింది.

“లేదండీ హేమ గారూ, ఇంక మీరు వేరే చూసుకోండి... అయ్యో, మీ మీద కోపం దేనికండీ. స్వర్ణకి ఇష్టం లేదు... ఎలకలు కాదండీ. నాకు తెలుసు కాబట్టే చెప్తున్నాను.”

ఆ గొంతు చివర్లో పగిలింది. అలా పగలడం సుప్రియ ఇంతకుముందు ఒక్కసారే విన్నది, సమాధుల తోటలో.  అడుగుల చప్పుడు ఆగిపోయింది.

సుప్రియ లోపలికి వెళ్ళింది. నాన్న మంచం అంచున కూర్చుని నేల చూస్తున్నాడు.

“నాన్నా, ఆవిడకి మళ్ళీ ఫోన్ చెయ్యి.”

“నీకెందుకమ్మా అవన్నీ?”

“రమ్మని చెప్పు. అమ్మ కాదు మోగించింది. నేను.”

పిడికిలి విప్పి చూపించింది. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకుంది. పడలేదు.

“దేనికి కట్టావు?” అన్నాడు.

“నడిమి మెట్టుకి. అమ్మ మొదలుపెట్టేదానికి.”

“నువ్వు లాగినప్పుడే మోగిందా?”

“లాగిన ప్రతిసారీ మోగింది. నువ్వూ విన్నావుగా.” ఆమె వెక్కింది. “ఇంకెప్పుడూ చెయ్యను నాన్నా. దారం తెంపేశాం. ఇంక మోగదు. నిజంగా.”

ఫిలిప్ లేచాడు. కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.  గుమ్మం దాటించి ఆమెని బయట నిలబెట్టాడు. తన ముఖం ఆమెకి కనపడకుండా తలుపు వారగా లాక్కున్నాడు.

“కోపం వచ్చిందా నాన్నా?”

“ఆ మెట్టు సుత్తి పీకి, మీ అమ్మ చేతిలో పెట్టి పూడ్చాను,” అని తలుపు వేసేశాడు.