మేజోళ్ళావిడ

“పోదు” అన్నాడు రైల్వే ఆస్పత్రి చర్మం డాక్టరు, హిందీలో.

ఊర్మిళకి హిందీ బాగానే వచ్చు. అయినా మళ్ళీ అడిగింది.

“సోరియాసిస్ పూర్తిగా పోదు బెహన్‌జీ. అదుపులో ఉంచుకోవాలి. ఈ మందు పూయండి, ఒళ్ళు ఎండిపోనివ్వకండి, గోకకండి. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది మాత్రం కాదు.”

“ఆ చివరి మాట మా కాలనీకొచ్చి మైకులో చెప్పండి” అంది ఊర్మిళ. తెలుగులో అంది కాబట్టి డాక్టరు నవ్వి ఊరుకున్నాడు.

అది ఎనభై మూడు వేసవి. అంతకు ముందు శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పిలిస్తే, రాయపూర్ రైల్వే కాలనీలోని తెలుగు ఆడవాళ్ళందరూ వచ్చారు. పసుపు రాయబోతే “ఇందాకే రాసుకున్నాం” అంటూ ఒక్కసారిగా కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. ఆమె వాయనమిచ్చిన శనగలు దారిలోనే మేకలకి దక్కాయి. మేకలకి ఏమీ కాలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఈ శ్రావణంలో తన చేతి శనగలు మనుషులు తినాలి. ఊర్మిళ పట్టుదల అంతే.

“అభన్‌పూర్‌లో మన తెలుగాయనున్నాడట. వేళ్ళతో సహా పీకేస్తాడట” అన్నాడు భర్త సూర్యారావు.

“జబ్బునేనా?”

“వెటకారాలాపి నడు.”

వైద్యుడి పేరు జోగయ్య. చెయ్యి చూడకముందే అడిగాడు.

“ఏ ఊరమ్మా మనది?”

“బొబ్బిలి దగ్గర.”

“ఓలమ్మా! మా అమ్మమ్మోళ్ళదీ అటే!”

సగం జబ్బు అక్కడే తగ్గినట్టయింది. బి.ఏ. చదివిన ఊర్మిళకి, ఆయన ఏం చదివాడో అడగాలని తోచనే లేదు.

“ఉప్పు, పులుపు, వంకాయ బంద్. పథ్యం తప్పితే నా పూచీ లేదు” అని పొట్లాలిచ్చాడు.

బయట బెంచీ మీద ఓ పెద్దావిడ కూర్చునుంది. ముంజేతిదాకా జాకెట్టు. అంత ఎండలోనూ కాళ్ళకి మేజోళ్ళు.

“అమ్మాయ్, ఆ పొట్లాలు తినకు” అంది మెల్లగా. “ఆస్పత్రికెళ్ళలేదా?”

“వెళ్ళాను. పోదన్నాడు.”

“నిజం చెప్పినాడు. ఇది చుట్టంలాంటిది తల్లీ. వస్తాది, పోతాది, సలికాలం మళ్ళీ దిగుతాది. నీళ్ళోసుకున్నాక తడి ఒంటి మీదే కొబ్బరినూని రాసుకో. పొద్దుటెండలో కాసేపు కూచో. మనసు పాడుచేసుకున్నావంటే మరీ రేగుతాది.” కొంగు చాటునించి చిన్న సీసా తీసింది. “ఇదుంచు.”

“మీరెన్నాళ్ళుగా వస్తున్నారిక్కడికి?”

“నీ వయసంత కాలం నించీ.”

ఊర్మిళకి ఒళ్ళు మండింది. ఎవరిని అడిగినా పోదనేవాళ్ళే!

“అన్నాళ్ళు తిన్నా పోలేదంటే, పథ్యం సరిగ్గా చేసుండరు. వంకాయ తినుంటారు.”

“ఉప్పు రుచే మర్చిపోయాన్రా తల్లీ” అని ఆవిడ నవ్వింది.

ఊర్మిళ సీసా పుచ్చుకోలేదు. “పోటీ వైద్యుడెవడో ఆవిణ్ణి కూచోబెట్టుంటాడు” అంది బస్సులో భర్తతో.

పొట్లాలు మంత్రంలా పనిచేశాయి. మచ్చలు మాయమయ్యాయి, బుగ్గలు పూరీల్లా పొంగాయి. పక్కింటి తాయారమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మరీ చూసింది. బయటివాళ్ళు తన చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో! ఆ ఊపులో ఊర్మిళ కాలనీ అంతటినీ వ్రతానికి పిలిచేసింది.

అంతలో పొట్లాలు అయిపోయాయి. అభన్‌పూర్ వెళితే జోగయ్య తలుపుకి తాళం.

మచ్చలు తిరిగి రాలేదు. ఒళ్ళంతా కలిసి ఒకే మచ్చయింది. ఎర్రగా పొంగి, పొరలుగా రాలి, జ్వరంతో వణికించింది. వ్రతం నాడు ఊర్మిళ ఆస్పత్రి మంచం మీదుంది.

“పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపుంటాడు. ఉన్నట్టుండి మానేస్తే ఇలాగే తిరగబడుతుంది” అన్నాడు డాక్టరు. తిట్టలేదు. తిట్టినా బావుండేదనిపించింది ఆమెకి.

మళ్ళీ డాక్టరు చెప్పిన ఆ మందే, బెంచీ మీది పెద్దావిడ చెప్పిన ఆ నూనే, ఆ ఎండే. దీపావళి వెళ్ళాక కాస్త మనిషయింది. మచ్చలు పూర్తిగా పోలేదు. ‘ఎప్పుడు పోతుంది’ అని అడగడం మాత్రం మానేసింది. ఇప్పుడు ఆమెకి కావలసిన జవాబు వేరే: ఇంతకాలం దీనితో ఎలా వేగారు? ఆ జవాబు ఒక్కరి దగ్గరే ఉంది.

ఓ పొద్దున్న వంట చేసి క్యారియర్ కట్టింది.

“ఎవరికి?” అన్నాడు సూర్యారావు.

“నా చేతి వంట వద్దనని మనిషికి.”

అభన్‌పూర్‌లో బెంచీ నిండా కొత్త రోగులు. మేజోళ్ళావిడ లేదు. ఊర్మిళ తిన్నగా లోపలికెళ్ళింది.

“ఏ ఊరమ్మా మనది?” అన్నాడు జోగయ్య.

“అప్పుడే మర్చిపోయారా? మీ పొట్లాల సంగతి తరవాత తేలుస్తాను. ముందు బయట కూచునే మేజోళ్ళావిడ ఏరీ? మీ మందు తినొద్దని నాకు చెప్పింది ఆవిడొక్కర్తే.”

పొట్లం మడుస్తున్న చేతులు ఆగిపోయాయి.

“నీకూ చెప్పిందా?” అన్నాడు. గొంతులో కోపం లేదు.

“ఏరీ?”

“పోయింది. దసరా ముందు.”

ఊర్మిళకి క్యారియర్ ఒక్కసారిగా బరువెక్కింది. బల్ల మీద పెట్టేసింది.

“ఆవిడ తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా?”

జోగయ్య తలెత్తలేదు.

“నేనేనమ్మా, దాని మొగుణ్ణి. దానికి నయం చెయ్యాలనే ఈ వైద్యం మొదలెట్టాను.”