ఎక్కని మెట్టెలు

“మొగుడు బతికుండంగనే మెట్టెలు తీసినవా?” ఎల్లస్వామి భార్య మీద ఎగిరాడు. “నీకు క్యాన్సర్ తగ్గి ఆర్నెల్లాయె. రెండు సాళ్లు పత్తి ఏరంగనే రొప్పుకుంట కూలవడుడు! గీ నాటకాలు నాకాడనా?”

“వేళ్లకు ఎక్కుతలేవు. నువ్వే పెట్టు,” అంది గోపమ్మ, గోడకు ఆనుకుని ఎగపోస్తూ.

ఆమె కాలు పట్టుకుని మెట్టెను బలంగా నెట్టాడు. ఎక్కలేదు. అతని బొటనవేలు అదిమిన చోట పాదం మీద గుంట పడి అలాగే ఉండిపోయింది.

ఆఖరి ఇంజెక్షన్ నాడు డాక్టరమ్మ అతనికి చెప్పింది: “ఈ మందుతో గుండె దెబ్బతినొచ్చు. ఆయాసమొచ్చినా, కాళ్లు వాచినా వెంటనే తీసుకురా.” దవాఖానోళ్లకు భయపెట్టుడే పనని నవ్వుకున్నాడు. గోపమ్మకు చెప్పనేలేదు.

మెట్టెలను తువ్వాల కొసకు ముడేసుకున్నాడు.

“లే... మెల్లగ. దవాఖానకు పోదాం. ఆటో తెస్త.”

“నాటకానికి ఆటో ఎందుకయ్యా?” అంది గోపమ్మ.