పెళ్లిళ్ల రిజిస్టరులో ఖాళీ వరుస

ఫోన్ మోగినప్పుడు శ్రీవాణి చేతులు రెండూ బజ్జీల పిండిలో ఉన్నాయి. రాజేశ్ ఫోనెత్తి ఆమె చెవికి ఆనించి, తన చెవిని అటువైపు నుంచి దగ్గరకు చేర్చాడు. పెళ్లయి నెల తిరగని ఆ ఇద్దరికీ ఒక్క ఫోనుకు రెండు చెవులు పెట్టి వినడం భలే సరదా.

మాట్లాడింది లూథరన్ క్రైస్తవ సంఘాల పెద్దాఫీసు వాళ్లు. నల్లగొండలో మూతపడిన సంఘం చరిత్రను మామగారు బెంజమిన్ చెబుతుంటే శ్రీవాణి పెళ్లికి ముందే టైపు చేసి పంపింది కదా, దాన్ని అచ్చు వేయడానికి ఒప్పుకున్నారట. అట్ట మీద మామగారి పేరు కింద ఆమె పేరూ వేస్తారట. రేపు సాయంత్రం బండి వస్తుంది. బాప్తిస్మాలవి, పెళ్లిళ్లవి, సమాధులవి, పాత రిజిస్టర్లన్నీ సంతకం పెట్టి అప్పగించాలి. అవి చేరితేనే అచ్చు.

శ్రీవాణి పిండి చేతులతోనే ముందుగదిలోకి పరుగెత్తింది. "మామయ్యా, మన పుస్తకం అచ్చయితదట. రిజిస్టర్లకు రేపే బండొస్తది."

ఆ సంఘానికి ఆఖరి కార్యదర్శి బెంజమిన్. జనం తలో దిక్కుకూ పోయి చర్చికి తాళం పడ్డాక, తాళంచెవీ రిజిస్టర్ల పెట్టే ఆయన దగ్గరే మిగిలాయి. ఈ మాట వింటే పొంగిపోతాడనుకుంది. ఆయన కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"రేపేనా? వచ్చే వారం రమ్మను."

"పాలమూరుకు పోయి వచ్చుకుంట మన దగ్గర ఆగుతదట. మళ్ల రాదట మామయ్యా."

"అయితే రిజిస్టర్లు ఇయ్య."

"ఇయ్యకుంటే పుస్తకం ఆగిపోతది కద."

బెంజమిన్ పెట్టె తెరిచి పెళ్లిళ్ల రిజిస్టరు బయటికి తీశాడు. పేజీ తిప్పాడు, మూశాడు, మళ్లీ పెట్టెలో పెట్టాడు. వాకిట్లోకి పోయి అంతలోనే తిరిగొచ్చాడు.

"దీంట్ల ఆఖరు వరుస ఖాళీగున్నది. అది నిండకుండ ఇచ్చేది లేదు." చెప్పులేసుకుని, తాళంచెవి తీసుకుని వెళ్లిపోయాడు.

"బాపు ఎన్నడు గిట్ల చేయలే" అన్నాడు రాజేశ్. "ఖాళీ వరుసకు గింత పరేషానెందుకు?"

అట్ట మీద తన పేరు అప్పుడే చెరిగిపోతున్నట్టు అనిపించింది శ్రీవాణికి. స్టవ్ ఆపేసి, మొగుణ్ని లాక్కుని బయల్దేరింది.

చర్చి ఎదుట గొడుగులు బాగుచేసే గులాం నబీ వాళ్లను పిలిచాడు.

"బిడ్డా, మీ మామ తబియత్ మంచిగున్నదా?"

"ఏమైంది చాచా?"

"ఐతారమొస్తే తాళం తీసి ఒక్కడే లోపటికి పోతడు. నిలవడి గట్టిగ చదువుతడు. పేర్లు మాత్రం మెల్లగ గొణుగుతడు. మల్ల, 'ఈ పెండ్లికి ఎవరికన్న అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలె' అని అరుస్తడు. ఇది మూడో ఐతారం, ఇయ్యాల పొద్దుగాల గూడ గదే కత. లోపట పావురాలు తప్ప మనిషి లేడు. ఆఖరికి నేనే, నాకేం అభ్యంతరం లేదు భాయ్ అని ఈడ్నుంచే చెప్పిన."

రాజేశ్ మొహం పాలిపోయింది.

"మీ అమ్మ పోయినంక ఒంటరోడయిండు. జర దవాఖానల చూపియ్యి" అన్నాడు గులాం నబీ.

శ్రీవాణి మాత్రం నవ్వింది. చరిత్ర టైపు చేస్తూ నేర్చుకున్న సంగతే అది. వాళ్ల సంఘంలో ఏ పెళ్లయినా ముందు వరుసగా మూడు ఆదివారాలు అందరి ముందూ ప్రకటించాలి. ఎవరూ అడ్డుచెప్పకపోతేనే పెళ్లి. సంఘం మూతపడితేనేం, మామయ్యకు పద్ధతి పద్ధతే.

"మతి మంచిగనే ఉన్నది. అది మన పెండ్లి ప్రకటన. ఆ వరుస మన కోసమే ఉంచిండు."

"మనకు అయింది కద పెండ్లి."

"రిజిస్ట్రార్ ఆఫీసుల. దండ మెడల పడకముందే తర్వాతోళ్లు రాండ్రి అన్నరు. మల్లొకసారి చేసుకుంటవా నన్ను?"

"ఈసారి జర ఆలోచించి చెప్త" అన్నాడు రాజేశ్. ఆమె అతని జబ్బ మీద ఒక్కటిచ్చింది.

లోపల బెంజమిన్ బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. సంఘం జాబితాలో ఆయన ఇంటివాళ్లు కాక మిగిలిన ఒకే ఒక్క మనిషి, రిటైరైన ఎస్తేరమ్మ టీచరు, తడిబట్టతో బల్లలు తుడుస్తోంది. చరిత్రలో సగం సంగతులు శ్రీవాణికి చెప్పింది ఆమే.

"మామయ్యా, గులాం నబీ చాచా అంత చెప్పిండు. మాతోని చెప్పనీకి మొహమాటమెందుకు? రేపు పొద్దుగాల పెండ్లి చేద్దాం, వరుస నింపుదాం, సాయంత్రం రిజిస్టర్లు బండెక్కిద్దాం."

బెంజమిన్ నడక ఆగిపోయింది.

"నిజంగనేనా? నీకిష్టమేనా బిడ్డా?"

"ఇష్టమేంది, మస్తు సంతోషం."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "నీకురా?"

"నేనెందుకు వద్దంట బాపు."

పొద్దుట్నుంచీ కాలు నిలవని మనిషి అప్పుడు బల్ల మీద కూలబడ్డాడు. వెంటనే పాలమూరులోని పాస్టరుకు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, రేపు పదింటికి రాండ్రి. ఔను, పిల్లలు ఒప్పుకున్నరు. సాయంత్రం రిజిస్టర్లు ఇచ్చేస్త."

శ్రీవాణికి కాళ్లు నేల మీద ఆగడం లేదు. ఎస్తేరమ్మ పక్కన చేరి చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, రేపటికి ఏ చీర కట్టుకోవాలె నేను?"

ఎస్తేరమ్మ తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది.

"ఏది కట్టుకున్నా మంచిగనే ఉంటవు. కాకుంటే పొద్దుగాల ఏడింటికే మా ఇంటికి రా బిడ్డా. నన్ను పెండ్లికూతురిని చేసేటందుకు నాకింకెవరున్నరు?"